మూడో అతుకు

ఒక తప్పు వల్ల మంచి జరిగిందనుకోండి. ఆ మంచికి దేవుడికి దణ్ణం పెట్టుకోవాలా, ఆ తప్పుకి చెంపలు వేసుకోవాలా? పదకొండేళ్ళుగా పొద్దున్నే ప్రార్థనకి కూర్చున్నప్పుడల్లా ఈ అనుమానం నా పక్కన వచ్చి కూర్చుంటోంది. పెద్దవాళ్ళని అడుగుదామంటే నోరు రాలేదు. అడిగితే, ఏమిటా తప్పు అంటారు కదా.

ఇంతవరకూ చదువుతూ వచ్చినవాళ్ళకి మా కొట్టు సంగతి తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు. మాది తెరచాపలు కుట్టే కొట్టు. మేస్త్రి మా బావ, అంటే మా ఆవిడ అన్నగారు. గీసి కోసేది ఆయన, కుట్టేది నేను. మొదట్లో మా ఆవిడ కూడా నేల మీద కూర్చుని, కోసిన ముక్కలకి నంబర్లు వేసి జతలు పెట్టేది. చిన్న పడవల తెరచాపలూ, దుకాణాల ముందు కట్టే ఎండ తెరలూ ఎన్నో చేశాం కానీ, మా బావకి పేరు తెచ్చింది అలల తెరచాప. ఒక మనిషి పలక మీద నిలబడి, తెరచాపని చేతుల్తో పట్టుకుని గాలికి పోయే ఆట ఉంది కదా, విండ్‌సర్ఫింగ్. అందులో పెద్ద అలల మీదికి వెళ్ళే మొండివాళ్ళకి కావలసిన చిన్న, గట్టి తెరచాప అది. పదకొండేళ్ళ కిందట, మేం కొంగ అని పిలుచుకునే ఒకావిడ కోసం ఒకటి చేశాడు. అటువంటిది మళ్ళీ చేయలేకపోయాడు. అదే గీత, అదే గుడ్డ, అదే దారం. ఎనిమిది సార్లు చేశాడు. మంచివే వచ్చాయి, కానీ అది రాలేదు. కిందటి వారం తొమ్మిదోది పూర్తయింది. ఇదీ కాకపోతే అలల తెరచాపల జోలికి ఇక పోననీ, ఎండ తెరలు కుట్టుకుని బతుకుదామనీ మా బావ అందరి ముందూ అనేశాడు. కొంగ పాతదాన్నీ కొత్తదాన్నీ బండికి కట్టుకుని ఒడ్డుకి బయలుదేరింది. వెనకాలే మేమిద్దరం నడిచాం.

కొంగ అంటే నలభై దాటిన లెక్కల టీచరు. నీళ్ళలోకి దిగేముందు మోకాలి లోతులో ఒంటికాలి మీద నిలబడి గాలి చూస్తుంది. అందుకా పేరు. ఆవిడకీ తెలుసు. చేప దొరికితే చాలు, ఎలా పిలిస్తే ఏం అంటుంది.

ముందు పాతదాన్ని విప్పింది. దాని వయసు చూస్తే జాలేసింది. మధ్యలో ఉండే పారదర్శకపు ముక్క ఎండకి పసుపెక్కి, సన్నటి పగుళ్ళు తేలింది. మూడు చోట్ల నేను వేసిన మాసికలే. అయినా తెరకొయ్యని ముందు అంచున ఉన్న గొట్టంలోకి దూర్చి, అడుగున తాడు కట్టి, కాలు తన్నిపెట్టి లాగేసరికి ముసలాయన నడుం నిటారుగా నిలబెట్టినట్టు లేచింది. లాగేకొద్దీ తెరకొయ్య వంగుతుంది, తెరచాప పైభాగంలో వెనక అంచు వదులై పాత చొక్కా కాలరులా వాలిపోతుంది. తెలియనివాళ్ళు అది చూసి, ఇదేమిటి సరిగ్గా బిగించలేదా అంటారు. ఆ వదులులోనే ప్రాణం ఉంది. గాలి ఒక్కసారిగా విసిరినప్పుడు పైఅంచు దానంతటది తెరుచుకుని, మనకి అక్కర్లేనిదాన్ని వదిలేస్తుంది. లేకపోతే ఆ విసురంతా మనిషి భుజాల మీద పడుతుంది. బలం కింద, ఓర్పు పైన. ఇంటి పెద్దలు కూడా ఇలా ఉంటే ఎంత బాగుండును అని నాకు చాలాసార్లు అనిపించింది.

ఆ పొద్దున గాలి ఒడ్డుకి అడ్డంగా, ఎడాపెడా లేకుండా నిలకడగా ఉంది. అలలు మనిషి ఎత్తుకి కొంచెం పైనే. కొంగ పలక మీదికెక్కి, తెరచాపని ఒక్కసారి తన వైపు గుంజింది. అంతే, అది గాలిని ఒడిలోకి తీసుకుంది. ఎదురుగా నురగ గోడలా వస్తోంది. దాన్ని గుద్దుకుని వెనక్కి రావలసిన మనిషి, దాని మీదుగా ఎగిరి అవతల పడింది. రెండో నురగ, మూడోది. అంత బలం ఆ చిన్న తెరచాపకి ఎక్కడిదో.

కానీ అసలు సంగతి అది కాదు. దూరంగా వెళ్ళి, తిరిగి, ఒక అలని ఎంచుకుని దాని మీద ఒడ్డువైపు వస్తుందే, అప్పుడు చూడాలి. అల మీదున్నప్పుడు మనిషిని మోసేది అలే. అప్పుడు తెరచాప లాగకూడదు. ఉండీ లేనట్టు ఉండాలి. అల కిందికి జారి, ఒరిగి, మళ్ళీ పైకి మలుపు తిప్పేటప్పుడు మాత్రం దాని బలం కావాలి, అదీ రెప్పపాటులో. పిలిస్తే పలకాలి, వద్దంటే మాయమవ్వాలి. పాతది అలాగే చేసింది. కొంగ చేయి కొంచెం వదలగానే ఆ పసుపు తెరచాప చప్పుడు లేకుండా ఊరుకుంది. గుడ్డ అల్లాడలేదు, చేయి గుంజలేదు. ఆవిడ కిందికి జారి మోకాళ్ళు వంచి ఒరిగింది. తెరచాప నీళ్ళని ముద్దు పెట్టుకునేటంత దగ్గరికి వాలింది. మళ్ళీ నిండింది. అల శిఖరం దాకా విసిరి, అక్కడ మళ్ళీ ఊరుకుంది. ఒక్క అల మీద అయిదు మలుపులు. పెద్దగా చదువుకోని నాకు అది చూస్తుంటే, చేతనైన మనిషి వినయంగా ఉండడమంటే ఇదే కదా అనిపించింది.

మా బావ కళ్ళకి చేయి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు.

"అది నేనేనా చేసింది?" అన్నాడు.

నేను కాలితో ఇసుక చదును చేశాను.

"ఆ రోజు ఏం తిన్నానో గుర్తు లేదయ్యా. గుర్తుంటే రోజూ అదే తిందును."

నవ్వాలి కాబట్టి నవ్వాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చేయి మాత్రం చొక్కా జేబు తడుముకుంది. అందులో ఏమీ లేదు. ఉండవలసింది ఇంట్లో, ప్రార్థన పుస్తకంలో ఉంది.

తరవాత కొత్తది దిగింది. తెల్లగా, మడత నలగకుండా, గుడ్డలో అల్లిన దారాల గళ్ళు ఎండలో మెరుస్తూ. నురగ దాటడంలో పాతదానికేమీ తీసిపోలేదు. వేగంలో ఒక పాలు ఎక్కువే. మా బావ ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. కొంగ తిరిగింది, అల ఎక్కింది, చేయి వదిలింది. తెరచాప ఊరుకోలేదు. ఒక్క గుంజు గుంజింది. పెద్దది కాదు, దారిలో ఎవరో చీర చెంగు పట్టుకుని ఆపినట్టు. ఆవిడ చేయి బిర్రబిగిసింది, ఒరగవలసిన పలక నిటారుగా నిలబడింది, మలుపు జారిపోయింది. రెండో అల మీద బాగానే వచ్చింది. మూడో దాని మీద మళ్ళీ అదే గుంజు, ఈసారి నీళ్ళలో పడింది. అయిదు అలలు చూసింది. అయిదింటిలో మూడుసార్లు.

ఒడ్డుకి వచ్చి, తెరచాపని ఇసుక మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టింది.

"మంచి తెరచాప మేస్త్రిగారూ. ఎవరికిచ్చినా కళ్ళకద్దుకుంటారు."

"నీకు?"

ఆవిడ జుట్టులో నీళ్ళు పిండుకుంది. అబద్ధమాడడం రాని మనిషి, లెక్కల టీచరు కూడానూ.

"పాతది అడిగితేనే మాట్లాడుతుంది. ఇది మధ్యలో మాట అందుకుంటోంది."

"మా చెల్లెల్లాగా," అన్నాడు మా బావ. ముగ్గురం నవ్వాం. నవ్వు అయిపోయాక ఆయన తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుని, నెమ్మదిగా, నాకొక్కడికే వినపడేటట్టు అన్నాడు: "చేయి పోయిందయ్యా. ఆ ఒక్కదానితోనే పోయింది."

ఆ మాట నేను అంతకుముందు వినలేదు. పదకొండేళ్ళుగా ఆయన గుడ్డని అనుమానించాడు, దారాన్ని అనుమానించాడు, తెరకొయ్యలు మార్చి చూశాడు. చేతిని అనుమానిస్తున్నాడని నాకు తెలియదు. తెరచాప చేసేవాడికి చేతి మీద నమ్మకం పోతే ఇంకేం మిగిలింది?

కొట్టుకి వచ్చాం. మా కొట్టు నేల నున్నటి చెక్క. చెప్పులతో ఎవరూ తొక్కకూడదు. కుట్టు మిషను నేలలో తవ్విన గోతిలో ఉంటుంది, దాని బల్ల నేలతో సమానంగా. కుట్టేవాడు గోతిలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాడు, తెరచాప అంతా నేల మీద పరుచుకుని ఉంటుంది. గోడకి మేకుల మీద కాగితపు నమూనాలు చుట్టలుగా వేలాడుతుంటాయి. మా బావ లోపలికి వస్తూనే అలల తెరచాపల నమూనాలు ఒక్కొక్కటే దించి, దారం చుట్టి, పెట్టెలో పెట్టడం మొదలుపెట్టాడు. కోపం లేదు, విసురు లేదు. అందుకే నాకు భయం వేసింది.

కొంగ పాతదాన్ని నేల మీద పరిచి, దీన్ని ఇక నీళ్ళలోకి తీసుకెళ్ళననీ, ఇన్నాళ్ళూ ఒక్క కుట్టు విప్పనివ్వలేదు కానీ ఇప్పుడు కావాలంటే విప్పి చూసుకోమనీ అంది. మా బావ తల కూడా ఎత్తలేదు. విప్పి చూసేదేముంది, నా గీతే కదా, కాగితం మీద ఉంది అన్నాడు.

అంటే నేను నోరు విప్పకపోతే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. దేవుడు నన్ను ఇరికించలేదు. తలుపు తీసి, వెళ్ళాలంటే వెళ్ళు అన్నాడు. నాకు అదే కష్టంగా తోచింది.

కొట్టు వెనకే మా ఇల్లు. వెళ్ళి ప్రార్థన పుస్తకం తీసుకున్నాను. పొయ్యి మీద టీ కాస్తున్న మా ఆవిడ, ఈ వేళప్పుడు ప్రార్థన ఏమిటండీ అంది. బాకీ ఒకటి ఉందన్నాను. నా మొహంలోకి ఒకసారి చూసి గ్లాసులు లెక్కపెట్టుకుంది.

కొట్టుకి తిరిగి వచ్చి, మా బావ ముందు మోకాళ్ళ మీద కూర్చుని పుస్తకం తెరిచాను. అందులో పేజీ గుర్తుగా పదకొండేళ్ళుగా ఉన్నది ఒక సన్నటి గుడ్డ ముక్క. బారెడు పొడుగు, నాలుగు మడతలు. రెండు కొసలా సూదిలా సన్నబడి, మధ్యలో వేలెడు వెడల్పు. ఒక పక్క తిన్నగా, ఒక పక్క వంపుగా, లేత నెలవంకలా. దాన్ని విప్పి ఆయన అరచేతిలో పెట్టాను.

"ఇది నీది బావా. పదకొండేళ్ళ నుంచి బాకీ."

ఆయన దాన్ని వేళ్ళ మధ్య రాసి చూశాడు. "అలల గుడ్డ. ఎక్కడిది?"

"కొంగ తెరచాపది. మూడో అతుకు. పైముక్క కింది అంచు."

చెప్పాను. అప్పటికి నేను టార్పాలిన్ పట్టాల దుకాణం నుంచి వచ్చి పట్టుమని పది రోజులు. అక్కడ అంచు అంటే తిన్నగా ఉండాలి, లేకపోతే మొట్టికాయ. ఆ రోజు ముక్కలు ఇంకా జత పెట్టకముందే మూడో అతుకు పైముక్క తీసి చూస్తే, దాని అంచు పొట్ట బయటికొచ్చినట్టు వంపుగా ఉంది. మా బావ చేయి జారిందనుకున్నాను. చెబితే చిన్నబుచ్చుకుంటాడనీ, పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ అన్నగారి తప్పు పట్టుకోవడం మర్యాద కాదనీ, ఆయన పరువు కాపాడుతున్నాననుకుని ఇనుప స్కేలు పెట్టి తిన్నగా కోసేశాను. అతుకుల అంచుల్లో ఆ వంపే తెరచాపకి కడుపు ఇస్తుందనీ, జాకెట్టుకి మడతకుట్టు లాంటిదనీ రెండు నెలల తరవాత కానీ తెలియలేదు. అప్పటికే కొంగ ఆ తెరచాపని పొగిడి పొగిడి ఊదరగొడుతోంది. ముందు భయపడి ఊరుకున్నాను. తరవాత, నీ పేరుకి కారణం నా తప్పు అని చెబితే నీ పేరు లాక్కున్నట్టు ఉంటుందని ఊరుకున్నాను. కోసినప్పుడూ దాచినప్పుడూ నీ పరువు కోసమే అనుకున్నాను బావా అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

కొంగ గుమ్మం దగ్గర కదలకుండా నిలబడింది. మా బావ పెట్టెలోంచి ఒక నమూనా తీసి, చుట్ట విప్పి, ఆ నెలవంకని కాగితపు అంచు మీద ఆనించాడు. సరిగ్గా సరిపోయింది.

"నా చేయి జారిందనుకున్నావా?" అన్నాడు.

అన్నిటిలోకీ ఆయనకి తగిలింది అది.

"కొత్తవాణ్ణి బావా."

"కొత్తవాడివైతే అడగాలి. నా చేయి పోయిందని నేనిప్పుడు అనుకుంటున్నాను. నువ్వు వచ్చిన పదో రోజునే అనుకున్నావన్నమాట." గసిరినట్టే అన్నాడు, కానీ కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. పెదాలు కదుపుతూ ఏదో లెక్క చూసుకున్నాడు. తల ఎత్తేసరికి మొహం మారిపోయింది. "అయితే ఈ తొమ్మిదీ నేను గీసినట్టే వచ్చాయి."

"వెంట్రుకవాసి తేడా లేకుండా."

"తొమ్మిదికి తొమ్మిది."

"తొమ్మిదికి తొమ్మిది బావా. తప్పింది గీత. చేయి కాదు."

ఆయన కుడిచేతిని మళ్ళీ చూసుకున్నాడు. పొద్దున ఒడ్డున చూసుకున్నట్టు కాదు. ఊరెళ్ళి తిరిగి వచ్చిన మనిషిని చూసినట్టు.

ఆ తరవాత ఆయన్ని ఆపడం ఎవరి తరం కాలేదు. పాతదాన్ని దగ్గరికి లాక్కుని, మూడో అతుకు మీది పట్టీ లేపి, దారం తెంపి జానెడు విప్పాడు. వంగి చూశాడు. ఇంకో జానెడు విప్పాడు.

"నువ్వు కోసింది పైముక్క ఒకటేనా?"

"ఒకటే."

"అతుక్కి అంచులు రెండు. కిందిముక్కకీ నేను వంపు గీశాను." వేలు పెట్టి చూపించాడు. "ఇది చూడు, ఇదీ తిన్నగానే ఉంది. రెండు వంపులూ పోయాయి కాబట్టే పైన కడుపు లేదు, అల మీద అందుకే అంత మౌనం. ఒకటి పోతే సగమే అయ్యేది. మరి ఇది ఎవరు కోశారు?"

నేను దేవుడి మీద ఒట్టు పెట్టబోయాను. ఈ లోపల గ్లాసుల చప్పుడయింది. మా ఆవిడ టీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. పళ్ళెం కిందపెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంది.

"జతలు పెట్టేది నేనే కదా అన్నయ్యా. పైముక్క తిన్నగా ఉంది, కిందిది వంపుగా ఉంది. ఈయన తప్పు కోసేశారనుకున్నాను. కొలువులో చేరి పది రోజులు. నువ్వు చూస్తే పంపించేస్తావని కిందిదీ తిన్నగా కోసేశాను." నా వైపు చూడకుండా గ్లాసు అన్నగారికి అందించింది. "నీ పరువు ఈయన కాపాడారు. ఈయన పరువు ఎవరో ఒకరు కాపాడాలి కదా."

పదకొండేళ్ళు ఒకే మంచం మీద పడుకున్నాం. ఒకే పుస్తకం ముందు కూర్చుని దణ్ణం పెట్టుకున్నాం. ఆవిడ పక్కనా అదే అనుమానం కూర్చునేదేమో. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, మీరు అడగలేదుగా అంది.

ముందు కొంగ నవ్వింది. తరవాత మా బావ. ఆయన అలా పగలబడి నవ్వి చాలా ఏళ్ళయింది కాబట్టి మధ్యలో దగ్గొచ్చింది. టీ ఒక్క గుక్కలో తాగేసి, కొత్త తెరచాపని నేల మీదికి లాగి, మూడో అతుకు విప్పడం మొదలుపెట్టాడు. తెరకొయ్య దూరే గొట్టం కుట్టు కూడా జానెడు ఊడదీశాడు. రెండు ముక్కలూ విడివడ్డాయి, రెండు పొట్టలూ ఎదురెదురుగా. పైముక్క మీద ఇనుప స్కేలు పెట్టి, కత్తి నా చేతికిచ్చాడు.

"కొయ్యి. ఈసారి చెప్పి కొయ్యి."

"కోస్తున్నా బావా," అన్నాను. గీత తిన్నగానే వచ్చింది. సన్నటి తెల్లటి నెలవంక చుట్టుకుని నేల మీద పడింది. కత్తి మా ఆవిడ వైపు జరిపాను. ఆవిడ పమిట బిగించి, అన్నయ్యా కోస్తున్నానని ముందు చెప్పి, కిందిముక్క కోసింది.

కొంగ గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి బయటికి చూస్తోంది. గాలి ఇంకో మూడు గంటలు ఉంటుంది, తరవాత పడిపోతుంది అంది. అప్పటికి కుట్టు పూర్తవుతుందో లేదో, పూర్తయినా అల మీద ఈ తెల్లదానికి ఊరుకోవడం తెలుస్తుందో లేదో నాకు తెలియదు. మిషను గోతిలోకి కాళ్ళు దింపి సూది ఎక్కిస్తుంటే మా బావ వచ్చాడు. పాత నెలవంకని మడిచి తన చొక్కా జేబులో పెట్టుకుని, కొత్తగా కోసినదాన్ని నా పుస్తకంలో, వెతికి, అదే పేజీలో పెట్టాడు.

"గుర్తు లేకపోతే నీకు పేజీ దొరకదు," అన్నాడు. "ఇది నేనిచ్చింది. దాచుకోనక్కర్లేదు."